బూడిది వెనక నడిచినవాడు

మాలకొండమ్మకు భయం కొత్త కాదు. కొడుకు పెంచల్ బడికి పోయే రోజుల్లో బస్సు కాస్త ఆలస్యమైతే చాలు, ఆ బస్సు కాలవలో బోర్లాపడినట్టు ఆమె కళ్ళకు కట్టేది. నీళ్ళ మీద వాడి చెప్పు ఒక్కటే తేలుతూ కూడా కనిపించేది. వాడు కృష్ణపట్నం పోర్టులో పనికి చేరినాక, ఫోను ఎత్తలేదంటే క్రేను తెగిపడినట్టే. మొగుడు మస్తానయ్య బతికున్నప్పుడు “నీ నోట్లోంచి ఒక్క మంచి మాట రాదు గదా మే” అని విసుక్కునేవాడు. ఆమె ఎదురుచూసిన చెడు ఇన్నేళ్ళలో ఎప్పుడూ రాలేదు. వచ్చినప్పుడు మాత్రం ఆమె ఊహించని దారిలో, జీపెక్కి, “అక్కా” అని నవ్వుతూ పిలుచుకుంటూ వచ్చింది.

ఆ జీపు విజయభాస్కర్‌ది. అల్లూరు పక్క ఆయనకు రొయ్యల గుంటలున్నాయి. గుంటల కాపలాకని లైసెన్సు తెచ్చుకున్న రైఫిలు ఒకటుంది. అది రొయ్యల దొంగల మీద ఎన్నడూ పేలలేదు. బోగోలు దాటి సముద్రం వైపు పోతే సరుగుడు చెట్ల సర్వి తోపులు అయిపోయి బీడు మొదలవుతుంది చూడండి, అక్కడ జింకల మీద పేలేది.

ఆ బీడులో జింకను కొట్టడం అనుకున్నంత సులువు కాదు. చెట్టూ చేమా లేని నేల. మైలు దూరాన మనిషి తలెత్తితే మంద మందంతా గాలిలోకి లేచిపోతుంది. కానీ జింక పశువుకు భయపడదు. పశువు పక్కనే మేస్తుంది. అందుకని ఆ ప్రాంతంలో పాతకాలం నుంచి ఒక పద్ధతి ఉంది. ఒకరు పశువు పలుపు పట్టుకుని మేపుతున్నట్టు ముందు నడుస్తారు. తుపాకి ఉన్నవాడు దాని పొట్ట చాటున నడుము వంచి నడుస్తాడు. పశువు తిన్నగా పోకూడదు. నాలుగడుగులు వేసి మూతి నేలకు ఆనించాలి, పక్కకు తిరగాలి, తోక విసరాలి, మళ్ళీ నాలుగడుగులు. తిన్నగా వచ్చే పశువును చూస్తే జింకకు అనుమానం.

అట్లా నడవడం నేర్చిన గేదె ఆ చుట్టుపక్కల ఒక్కటే ఉంది. మాలకొండమ్మ ఇంటి బూడిది. పెంచల్ దాన్ని దూడగా ఉన్నప్పుడే బీడులో తిప్పి, నాలుకతో చేసే ఒక చప్పుడుకు ఆగేటట్టు, ఇంకో చప్పుడుకు కదిలేటట్టు అలవాటు చేశాడు. వేటకని కాదు. తోచక.

పోయినేడు సెలవుకు వచ్చిన పెంచల్‌ను విజయభాస్కర్ “రారా తమ్ముడూ, రొంత దూరమే” అని బీడుకు తీసుకుపోయాడు. వద్దని మాలకొండమ్మ చెప్పింది. ఆమె అన్నిటికీ వద్దనే చెబుతుంది గనక ఎవరూ వినలేదు. విజయభాస్కర్ గురి పెట్టింది మగజింకకు, గుండు తగిలింది పక్కనున్న లేడికి. దాన్ని పెంచల్ భుజానికెత్తుకుని వస్తుండగా తోపుల్లోంచి ఫారెస్టు వాళ్ళు అడ్డం వచ్చారు. విజయభాస్కర్ జీపెక్కి వెళ్ళిపోయాడు. చొక్కా నిండా నెత్తురుతో, భుజం మీద చచ్చిన జింకతో పెంచల్ ఒక్కడే మిగిలాడు. మర్నాడు విజయభాస్కర్ పెద్దమనిషిలా వచ్చి, ఆ కుర్రాడి చేతిలో నాటు తుపాకి చూశానని, గుంటల కాడికి పోతూ తన కళ్ళతో చూశానని సాక్ష్యం చెప్పిపోయాడు.

నాటు తుపాకి దొరకలేదు. ఉప్పుటేట్లో పారేసి ఉంటాడని అనుకున్నారు. పోర్టులో పని పోయింది. బెయిలు మీద ఇంటికి వచ్చిన పెంచల్ మంచం మీద గోడ వైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టాడు. పాకలోంచి బూడిది అరిచినా లేచి చూడడు. కృష్ణజింక కేసు, రుజువైతే మూడేళ్ళకు తక్కువ పడదు అన్నాడు లాయరు.

ఆ మాట విన్నాక మాలకొండమ్మకు బస్సులూ కాలవలూ కనిపించడం మానేశాయి. ఒక్కటే కనిపించేది. జైలు తలుపు వెనక తన బిడ్డ, తలుపు ఇవతల కుర్చీలో కూర్చుని రైఫిలు తుడుచుకుంటున్న విజయభాస్కర్. అన్నం కలుపుతుంటే కనిపించేది, పాలు పితుకుతుంటే కనిపించేది. భయమంతా ఒకచోట చేరి గడ్డకడితే ఏమవుతుందో ఆమెకు ఆ ఏడాది తెలిసింది. దానికి పళ్ళు వస్తాయి.

వానలు వెనకపట్టినాక ఒకరోజు ఆ జీపు మళ్ళీ వాకిట్లో ఆగింది.

“బాగుండావా అక్కా?”

“నువ్వు బాగుంటే మేము బాగున్నట్టే గదయ్యా.”

“పెంచల్ ఏడీ?”

“పనుకోనుండాడు.”

“పగటి పూట నిద్రేంది. ఆ వయసులో నేను గుంటలు తవ్వినా.” నవ్వి, అరుగు మీద కూర్చుని గొంతు తగ్గించాడు విజయభాస్కర్. “ఆ నల్ల ఇర్రి ఇంకా ఉండాదంట గదా.”

మగజింకను ఆ పక్క ఇర్రి అంటారు. మెలితిరిగిన కొమ్ములతో, బొగ్గులాంటి వీపుతో బీడుకంతా పెద్ద ఒకటుంది. పోయినేడు తప్పిపోయింది అదే. ఆ కొమ్ములు తన ఇంటి హాల్లో ఎక్కడ పెట్టాలో కూడా విజయభాస్కర్ గోడకు మేకు కొట్టించి పెట్టుకున్నాడని ఊళ్ళో అనుకునేవాళ్ళు.

“ఉండాదయ్యా. తెల్లారే పొద్దుకి పాత ఉప్పుకయ్యల పక్కన మేస్తా ఉంటది.”

“మొన్న ఒకడి ఎద్దును తోలకపోయినా. అది పెండ్లికి పోతున్నట్టు తలెత్తుకోని తిన్నగా పోయింది. ఒక్కటంటే ఒక్క జింక నిలబడలా. నీ బర్రె కావాల అక్కా. దాన్ని నడిపించను నువ్వూ రావాల. పెంచల్ రాడు, నాకు తెలుసు.”

“నా బిడ్డ కేసో?”

“దాన్ని నాకొదిలెయ్. కేసు నిలబడేది సాక్షి మాట మీద. సాక్షి ఎవురు? నేనే గదా. చూసింది చీకట్లో, సరిగ్గా తెలీదంటే సరిపాయె.”

ఆ మాట అన్నప్పుడు ఆయన మొహంలో సిగ్గు లేదు, బెరుకు లేదు. కూరగాయలు బేరమాడే మనిషి మొహం. బిడ్డ మెడకు తాడు బిగించినవాడు వాకిట్లో కూర్చుని, బర్రెను ఇస్తే వదులు చేస్తానంటున్నాడు. ఈసారి వదులు చేస్తాడు, ఇర్రి కొమ్ములు చేతికొచ్చాక మళ్ళీ బిగిస్తాడు. మాలకొండమ్మ “సరేనయ్యా” అని తల వంచుకుంది. వినయానికి కాదు, తన కళ్ళు ఆయనకు కనబడకూడదని.

ఆ బీటు చూసుకునే ఫారెస్టు అమ్మాయి రేవతి కొత్తగా వచ్చింది. పెంచల్ కేసు ఆమె రాక ముందుది. మాలకొండమ్మ రోడ్డు పక్క జీడితోట దగ్గర ఆమెను పట్టుకుంది.

“అమ్మణ్ణీ, వాడు మళ్ళా వస్తా ఉండాడు.”

“ఎవరు చెప్పినారు?”

“వాడే చెప్పినాడు. నన్నే తోడు రమ్మన్నాడు.”

రేవతి బండి స్టాండు వేసింది. “రైఫిలు చేతిలో ఉండగా నా కంటబడాలమ్మా. ఇంట్లో ఉంటే లైసెన్సు చూపిస్తాడు. జీపులో ఉంటే గుంటల కాడికి పోతుండా అంటాడు. బీడులో, చేతిలో ఉండాల. అట్ట దొరికితే పోయినేటి సాక్ష్యానికి కూడా విలువుండదు.”

“దొరికినా పరిగెత్తుతాడే. ముందర అట్టనే గదా పోయింది.”

“అదే మా బాధ కూడా. ముందే పోయి బీడులో దాక్కుంటే జింకలు బెదురుతాయి, బెదిరితే వాడికి తెలిసిపోతది. ఈడ తోటలోనే ఉండాల. తుపాకి మోత విని ఇసకలో పడి వచ్చేసరికి అరగంట. అరగంట మాకోసం నిలబడతాడా వాడు?”

“నిలబడతాడు.”

“ఎట్ట?”

“అది నేను చూసుకుంటా.”

రేవతి ఆమెను కింద నుంచి పైదాకా చూసింది. “ఏం చేస్తావమ్మా? పిచ్చి పని ఏదన్నా చేసి నా మీదికి తేవాకు.”

“నీళ్ళు మోకాటికొస్తే వెనక్కి తిరిగేదాన్ని తల్లీ. నేనేం చేస్తా.”

అబద్ధం కాదది. కానీ ఇన్నేళ్ళుగా కొడుక్కి రాబోయే చావులన్నిటినీ పూసగుచ్చినట్టు చూసిన బుర్ర ఆమెది. ఏ పని ఎక్కడ చెడుతుందో, కాలు ఎక్కడ జారుతుందో, ఏ తాడు ఎప్పుడు తెగుతుందో దానికి అలవాటే. ఇప్పుడు దాన్ని ఆమె ఇంకొకరి వైపు తిప్పింది, అంతే.

ఒకప్పుడు ఉప్పు పండించిన మడులు ఆ పాత ఉప్పుకయ్యలు. వాటి దగ్గర ఒక గట్టు మిగిలి ఉంది. అడుగు వెడల్పు, మీద ఉప్పుగడ్డి. గట్టుకు ఒక పక్క, జింకలు మేసే వైపు, గట్టి నేల. ఇంకో పక్క ఉప్పుటేటి దాకా మెత్త పర్ర. పైన ఎండి తెల్లగా, అప్పడంలా ఉంటుంది. కింద జారుబురద. గేదె దాంట్లోకి దిగినా గిట్టలు విప్పుకుని, మరీ లోతైతే పొట్ట మీద పడవలా జారుకుంటూ పోతుంది. మనిషి పోలేడు. ఈ సంగతి విజయభాస్కర్‌కు తెలియక కాదు. గుంటల్లో పుట్టి పెరిగిన మనిషి, ఎదురుగా కనబడితే అడుగు పెట్టడు. కానీ గేదె పొట్ట చాటున వంగి నడిచేవాడికి ముందున్న నేల కనిపించదు. గేదె కాళ్ళు కనిపిస్తాయి, మెడ కింద నుంచి దూరాన జింక కనిపిస్తుంది. మిగతాదంతా పలుపు పట్టుకున్నవాళ్ళ మీద నమ్మకం.

మాలకొండమ్మ సర్వి గడ పట్టుకుపోయి ఆ పర్రను పొడిచి చూసింది. నడుము లోతున అడుగు గట్టిగా తగిలింది. అక్కడా ఇక్కడా, చాలా చోట్ల చూసింది. వాడు చావకూడదు. చస్తే ఆమె జైలుకు పోతుంది, పెంచల్ మంచం పక్కన గంజి పెట్టేవాళ్ళు కూడా ఉండరు. చావకూడదు, కదలకూడదు. అంతవరకు చాలు.

రేవతికి చెప్పి ఉంచిన రోజు తెల్లవారేసరికి జీపు దిబ్బ చాటున ఆగింది. డ్రైవరు కిషోర్ బాబు అద్దాలెక్కించుకుని, ఏసీ వేసుకుని సీటు వెనక్కి వాల్చాడు. విజయభాస్కర్ తన ఫోను సీట్లో పడేశాడు. వేటకు ఫోను తేకూడదు, మోగితే పని చెడుతుంది. అది ఆయన పెట్టుకున్న నియమమే. మాలకొండమ్మను కూడా అడిగాడు.

“ఫోనుందా?”

“నాకెందుకయ్యా. చేసేవాళ్ళెవరు?”

బూడిదిని మధ్యలో పెట్టుకుని బీడులోకి దిగారు. గాలి ఎదురుగా కొడుతోంది. సముద్రం మీద వెలుగు అప్పుడే పలచబడుతోంది. అల్లంత దూరంలో చుక్కల్లా జింకలు, వాటి నడుమ నల్లగా ఒకటి. మాలకొండమ్మ కొంగు నడుముకు చుట్టి, రోజూ మేపుకునే దానిలా పుల్ల ఒకటి పట్టుకుని ముందు నడిచింది. నాలుకతో చప్పుడు చేసింది. బూడిది ఆగి, మూతి దించి, ఉప్పుగడ్డి వాసన చూసి, తోక విసిరింది. జింకల్లో ఒకటి తలెత్తి చూసి మళ్ళీ దించుకుంది.

“శభాష్” అని పొట్ట చాటు నుంచి విజయభాస్కర్ ఊపిరితో అన్నాడు. “పెంచల్ కంటే నువ్వే నయం అక్కా.”

కొడుకు పేరు ఆ నోట్లోంచి వినగానే ఆమె చేతిలో పుల్ల విరిగింది. విరిగిన ముక్కను అట్లాగే పట్టుకుని నడిచింది.

గట్టు వచ్చింది. ఆమె గట్టు మీదికి ఎక్కింది. పలుపు పొడుగ్గా వదిలి బూడిదిని ఎడమ పక్క పర్రలోకి మళ్ళించింది. బూడిదికి ఆవల పక్క విజయభాస్కర్. ఇర్రి ఉన్నది కుడి పక్క.

“బురద తగల్తా ఉండాదే” అన్నాడు కాసేపటికి.

“రాత్రి పోటుకు నీళ్ళెక్కినాయయ్యా. ముందర గట్టి నేల.”

“ఎంత దూరం?”

“రొంత. వంగు, వంగు. తలెత్తింది.”

ఆయన వంగాడు. చీలమండ లోతు. గుంటల మనిషికి అదొక లెక్క కాదు. ఇర్రి నాలుగడుగులు ఇటే వేసి, కొమ్ములు వెనక్కి వాల్చి, మెడ చాచి నిలబడింది. ఏ వేటగాడైనా మొహం వాచి చూసే నిలబాటు. మోకాలి లోతు. ఆయన ఆగుదామనుకున్నాడో ఏమో, ఒక్క క్షణం పొట్ట చాటున ఊపిరి ఆగింది.

“ఈడ్నించి కొడితే తగుల్తాదా?” అని అడిగాడు.

“నాకేం తెలుసయ్యా. పోయినేడు దూరం నుంచి కొట్టినందుకే గదా తప్పింది.”

అంతే. మళ్ళీ కదిలాడు. ఇంకో నాలుగడుగులు ఆమె తీసుకుపోలేదు, ఆయనే వేశాడు. తొడల దాకా దిగినాక బూడిది మెడ కింద నుంచి గొట్టం ఆనించి కొట్టాడు.

తుపాకి తన్నిన తన్నుకు వెనక్కి ఒరిగి నడుము దాకా కూరుకుపోయాడు. గుండు ఎక్కడ పోయిందో ఆ దేవుడికే తెలియాలి. ఇర్రి గాలిలోకి లేచింది, దాని వెనక మంద అంతా. వెలుగులో వాటి పొట్టలు తెల్లగా మెరిసి, చూస్తూ చూస్తూ ఉండగానే బీడు ఖాళీ అయింది. మోతకు బెదిరిన బూడిది రెండు దూకులు ముందుకు వేసింది. మాలకొండమ్మ చెవులు గుయ్యిమంటున్నాయి. జీడితోటలో విని ఉంటారా? వినకపోతే? రేవతి రాకపోతే? టైరు పంచరైతే? అన్నీ వరసగా కళ్ళ ముందుకు వచ్చాయి. అన్నిటినీ రానిచ్చి, గట్టు మీద నిలబడింది.

విజయభాస్కర్ మొదట బూతులు తిట్టాడు. తరవాత కిషోర్ బాబును కేకేశాడు. దిబ్బ అవతల అద్దాలెక్కించుకున్న మనిషికి ఆ కేక ఎక్కడ వినబడుతుంది. కాలు పీకాలని చూసిన కొద్దీ రెండో కాలు దిగింది. అప్పుడు, రైఫిలు ఒక చేత్తో పైకెత్తి పట్టుకుని, రెండో చేత్తో బూడిది తోక అందుకున్నాడు. గేదె తోక పట్టుకుని బురద దాటడం ఆ పక్క పసిపిల్లకాయలకు కూడా తెలుసు.

“అదిలించు అక్కా.”

“ఒక చేత్తో రాదయ్యా. రెండు చేతులూ కావాల.”

ఆయన రైఫిలును చూశాడు, గట్టును చూశాడు. “పట్టుకో. ఇంకో గుండుంది లోపల. గుర్రం కాడ వేలు పెట్టబాకు.” ఊపి గట్టు మీదికి విసిరాడు. ఉప్పుగడ్డిలో పడింది. మాలకొండమ్మ దాన్ని తీసుకుని రెండు చేతులతో పసిబిడ్డను ఎత్తినట్టు ఎత్తుకుంది. ఆయన రెండు చేతులతో తోక పట్టుకున్నాడు. ఆమె నాలుకతో చప్పుడు చేసింది. బూడిది పొట్ట ఆనించి ఒక్క ఊపున గట్టు వైపు జారింది. తోక ఆయన చేతుల్లోంచి వెన్నలోంచి తీసిన దారంలా వచ్చేసింది. ఎందుకు రాదు, తెల్లవారుజామున పాకలో కూర్చుని మొదలు నుంచి కుచ్చు దాకా ఆముదం పట్టించింది ఆమే.

ఆయన అరచేతులు చూసుకున్నాడు. వాసన చూశాడు. అప్పుడు అర్థమైంది ఆయనకు.

“ఓహో” అన్నాడు. అరవలేదు. “ఫారెస్టోళ్ళకు చెప్పినావా?”

ఆమె రైఫిలును రొమ్ముకు అదుముకుంది.

“చెప్పినావులే. రానీ. తుపాకి ఎవరి చేతిలో ఉండాది మాలకొండమ్మా?” నడుము లోతు బురదలో ఉండి కూడా పళ్ళు బయటపెట్టాడు. “నేను గుంటల కాడికి పోతా దారి తప్పి ఈడ పన్నా. నా జీపులో రైఫిలు ఎత్తకపోయి జింకను కొట్టబోయినావు నువ్వు. కొడుకు కేసులో ఉండాడు, తల్లి కూడా అదే పని. నమ్మరా? ముందర నమ్మినోళ్ళు ఇప్పుడెందుకు నమ్మరు?”

ఇన్ని చెడ్డలు ఊహించిన మనిషి ఈ ఒక్కటి ఊహించలేదు. చేతిలో ఉన్నది పాము అయినట్టు చూసింది. గట్టు మీద పెడితే? ఆమె తెచ్చి పెట్టిందంటాడు. ఏట్లో వేస్తే? అప్పుడసలు రైఫిలే లేదు, వేటా లేదు. వాడి చేతికే విసిరితే? వాడే దాన్ని బురదలోకి తొక్కేస్తాడు. దూరాన జీడితోట వైపు చూసింది. ఇంకా ఏమీ కదలడం లేదు. గట్టు మీద కూలబడింది.

అప్పుడు ఉప్పుటేటి వైపు నుంచి పోటు నీళ్ళు రావడం మొదలైంది. పర్ర మీద పలచగా, అద్దంలా పాకి వచ్చి విజయభాస్కర్ నడుము చుట్టూ తిరిగాయి. ఆయన నవ్వు ఆగింది. ఆ నీళ్ళు ఎంతవరకు వస్తాయో ఆమెకు తెలుసు. చంకల దాకా కూడా రావు. ఆయనకు తెలియదు. ఆయన మొహంలోకి వచ్చినది ఏమిటో ఆమె వెంటనే గుర్తుపట్టింది. ఆ మొహాన్ని ఆమె రోజూ తన అద్దంలో చూసుకునేది.

లేచి, బూడిది మెడలోంచి పలుపు విప్పింది. రైఫిలు కట్టె పిడికి, బెల్టుతో కలిపి, గట్టిగా ముడివేసింది. గొట్టం ఆయన వైపు, పిడి తన వైపు ఉండేటట్టు పర్ర మీద జారవిడిచింది. నీటి పొర మీద అది జారుకుంటూ పోయి ఆయన రొమ్ముకు తగిలింది.

“పట్టుకో. లాగుతా.”

“దిక్కుమాలిందానా, గొట్టం నా మీదికి తిప్పినావే.”

“నాకేం తెలుసయ్యా అటూ ఇటూ. పట్టుకుంటావా, తీసుకోనా?”

ఆయన పట్టుకున్నాడు. రెండు చేతులతో పట్టుకున్నాడు. గొట్టాన్ని పక్కటెముకల పక్క నుంచి చంక కిందికి పోనిచ్చి, రైఫిలు మొత్తాన్ని కావలించుకున్నాడు. మాలకొండమ్మ పలుపు బిగించింది. ఆయన ఒక బెత్తెడు కదిలాడు. ఆమె ఆపింది.

“లాగు.”

“లాగతా ఉండా. ఆడదాన్ని, బలమెంత.”

“బర్రెకు కట్టి లాగించు.”

“బెదిరిపోయుండాదయ్యా. ఒక్కసారిగా గుంజిందంటే అది పేల్తాదేమో. నీ కడుపులో గుండు దిగితే నేనేం జెప్పుకోవాల?”

ఆయన కదలడం మానేశాడు. గుండు ఉందని ఆమెకు చెప్పింది ఆయనే. వదిలేద్దామంటే నీళ్ళు రొమ్ము కింద తిరుగుతున్నాయి, ఆ రైఫిలు కొసన ఉన్న తాడు తప్ప పట్టుకునేది ఇంకొకటి లేదు. కాసేపు తిట్టాడు, కాసేపు బతిమాలాడు. రేపే కోర్టుకు పోయి తన మాట వెనక్కి తీసుకుంటానన్నాడు. పెంచల్‌కు గుంటల మీద పెత్తనం ఇప్పిస్తానన్నాడు.

“పెంచల్ పోర్టులో క్రేను కాడ పని చేసేవాడు” అంది ఆమె. “మంచి పని. టోపీ పెట్టుకోని ఫోటో పంపినాడు.” తాడు సడలించింది. ఆయన బెత్తెడు దిగాడు. మళ్ళీ బిగించింది.

జీడితోట వైపు నుంచి ఫారెస్టు జీపు రేపిన ఇసక పొగ లేచినప్పుడు, దిబ్బ చాటున ఇంకో ఇంజను కూడా రేగింది. కిషోర్ బాబు లేచినట్టున్నాడు. లేచి, చూసి, రోడ్డు వైపు తిప్పుకున్నాడు. ఆ చప్పుడు దూరమవుతుంటే విజయభాస్కర్ మెడ తిప్పి వింటూ ఉండిపోయాడు.

రేవతి అల్లంత దూరం నుంచే ఫోను ఎత్తి పట్టుకుని వీడియో తీస్తూ వచ్చింది. వెనకే వాచరు చెంచయ్య. పర్రలో నడుము లోతున, రైఫిలును పెళ్ళాంలా కావలించుకుని ఉన్న మనిషిని చూసి చెంచయ్య “వదలొద్దు సామీ, గట్టిగా పట్టుకో” అన్నాడు. అప్పుడు గాని విజయభాస్కర్‌కు తన చేతుల్లో ఏముందో తెలియలేదు. వదిలేశాడు. కానీ అప్పటికే ఫోనులోకి ఎక్కిపోయింది.

“అది నాది కాదు. ఆమె విసిరింది” అన్నాడు. “అంతా ఆమే చేసింది మేడమ్. నన్ను బర్రె వెనక దాచిపెట్టి ఈడికి పట్టుకొచ్చింది ఈ ముండే. ఇర్రి చూపిస్తానని చెప్పి. ఆమెను కూడా పట్టుకోండి.”

“బర్రె వెనక్కి ఎందుకు పోయినారు సార్?” అంది రేవతి, ఫోను దించకుండా. “గుంటల కాడికి పోయేదానికి బర్రె చాటెందుకు?”



బూడిదికి తాడు కట్టి ఆయన్ను బయటికి లాగాక, రేవతి మాలకొండమ్మను పక్కకు పిలిచింది. “నీ పేరు నేను బయటికి తీసుకురానులేమ్మా. ఎవరో చెప్పినారని పెట్టుకుంటా. నువ్వు తోడొచ్చినావని తేలితే చట్టం ప్రకారం నీ మీద కూడా కేసే. నీ బిడ్డ మీద ఉన్నట్టు.”

“పొయ్యి పనులు చూసుకోమ్మే” అన్నాడు చెంచయ్య కూడా. “చాలు నువ్వు చేసింది.”

మాలకొండమ్మకు జైలు తలుపు మళ్ళీ కనిపించింది. ఈసారి వెనక ఉన్నది తాను. చన్నీళ్ళ స్నానం, పరాయి ఆడవాళ్ళు, చిప్పకూడు, అన్నీ వివరంగా కనిపించాయి. పెదవులు తడి చేసుకుంది.

“నా పేరు పెట్టుకో తల్లీ.”

“నేను చెప్పేది వినపడిందా నీకు?”

“వినపడింది. నా పేరు తీసేస్తే వీడు ఒక్కడే బీడుకొచ్చినాడని అవుతది. ఒక్కడే వచ్చి జింకను ఎట్ట కొడతాడని లాయరు అడుగుతాడు. బర్రె ముందర నేను నడిచినా. వెనక వాడు నడిచినాడు. ముందర నడిచేవోళ్ళ చేతిలో పలుపుంటది, వెనక నడిచేవోడి చేతిలో తుపాకుంటది. రెండూ ఒకరి చేతిలో ఉండవు. నా బిడ్డ ఏడాది నుంచి ఈ మాటే మొత్తుకుంటా ఉండాడు, ఒక్కరు వినలా. ఇప్పుడు వాడి నోటితోనే చెప్పినాడు గదా, నువ్వు ఫోన్లో పట్టినావు గదా. దాని పక్కనే నా మాట కూడా ఉండనీ.”

రేవతి ఫోను జేబులో పెట్టుకుంది. తరవాత “ఎక్కమ్మా” అంది.

మాలకొండమ్మ చెంచయ్య చేతిలో పలుపు పెట్టింది. “దీన్ని మా ఇంటికాడ కట్టేసి పెంచల్‌ని లేపు. పాలు పిండలేదు, అది నిలవదు. రేపు వీణ్ణి కోర్టులో పెడతారు, తెల్ల చొక్కా ఏసుకోని రమ్మని చెప్పు. నేను చెప్పినానని చెప్పు.” రెండడుగులు పోయి వెనక్కి తిరిగింది. “రోడ్డు దాటించేటప్పుడు లారీలు చూసుకో చెంచయ్యా.”

ఫారెస్టు జీపు వెనక రెండు పక్కలా బల్లలు. ఒక బల్ల మీద విజయభాస్కర్, రొమ్ము దాకా ఎండిపోతున్న బురదతో, చెప్పుల్లేని కాళ్ళతో. రేవతి ఆమెను ముందు కూర్చోమంది. ఆమె వెనకే ఎక్కింది. ఎదురు బల్ల మీద, మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చుంది.

జీపు ఇసకలో ఊగుతూ కావలి ఫారెస్టు ఆఫీసు వైపు కదిలింది. బోల్తా పడుతుందేమో అనిపించింది. బ్రేకులు బాగున్నాయో లేవో, డ్రైవరు రాత్రి నిద్రపోయాడో లేదో. ఒక చేత్తో కమ్మీ గట్టిగా పట్టుకుంది.

విజయభాస్కర్ తల పక్కకు తిప్పుకున్నాడు. మాలకొండమ్మ బల్ల మీద జరిగి, అటు పక్క కూర్చుంది.

“ఏంది చూస్తా ఉండావు” అన్నాడు, కళ్ళెత్తకుండా.

“ఏం లేదయ్యా” అంది ఆమె. “కావలి చాలా దూరం గదా.”